క్లిప్పుల డాక్టరమ్మ గారి మేడ

విశాఖ డాబాగార్డెన్స్‌లో, వంకర పళ్ళకి క్లిప్పులు వేసే మా క్లినిక్‌కి బోర్డు మీద పెద్ద పేరే ఉండేది. ఆ పేరు చెప్పి అడిగితే పక్క సందువాళ్ళు కూడా తెలీదనేవారు. ‘క్లిప్పుల డాక్టరమ్మ గారి మేడ ఎక్కడండీ’ అని అడిగితే మాత్రం కిళ్ళీకొట్టాయన దగ్గర్నించి రిక్షావాళ్ళ దాకా అందరూ మెట్లు చూపించేవారు. ఏవీఎన్ కాలేజీలో డిగ్రీ అయ్యాక 1997లో ఆ మెట్లెక్కి పనిలో చేరాను. ఫోన్లు ఎత్తడానికి, కార్డులు రాయడానికి అని తీసుకున్నారు. ఏడాది తిరక్కుండానే కుర్చీ పక్కన నిలబడి సామాను అందించడం, పళ్ళ అచ్చులు పోయడం, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం కూడా నా పనులైపోయాయి. 2016లో మేడమ్ ప్రాక్టీసు మానేసేదాకా అక్కడే ఉన్నాను.

పన్ను నొప్పి అని వెళ్ళినవాళ్ళు రెండు మూడుసార్లు వచ్చి నొప్పి తగ్గాక మళ్ళీ కనబడరు. మా దగ్గర మాత్రం ఏడాదిన్నర, రెండేళ్ళు నెలకోసారి రావాల్సిందే. ఎనిమిదో తరగతిలో రెండు జడలేసుకొచ్చిన పిల్ల పదో తరగతి హాల్‌టికెట్ చూపించి వెళ్ళేది. సన్నగా ‘అక్కా’ అని పిలిచిన అబ్బాయి ఒక నెలలో బొంగురు గొంతుతో ‘నమస్తే అండీ’ అనేవాడు. మేడమ్ పళ్ళు చూసేవారు, నేను పిల్లల్ని చూసేదాన్ని.

మొదటిరోజు అందరూ భయపడేది కొలతలకే. ఆల్జినేట్ అనే గులాబీరంగు పొడిని రబ్బరు గిన్నెలో నీళ్ళతో కలిపి, చిక్కటి ఇడ్లీపిండిలా అయ్యాక ట్రేలో నింపి నోట్లో పెట్టాలి. రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. నీళ్ళు వెచ్చగా ఉంటే ఇంకా తొందరగా బిగుస్తుంది. విశాఖ ఎండాకాలంలో కుళాయి నీళ్ళతో కలిపితే ట్రేలోకి ఎత్తేలోపే ముద్ద కట్టేసేది. అందుకని మే నెలంతా ఫ్రిజ్‌లో రెండు సీసాలు దానికోసమే ఉంచేదాన్ని. ఆ పొడి సముద్రపు నాచు నించి తీస్తారని మేడమ్ చెబితే, నేను పిల్లలందరికీ చెప్పేదాన్ని. రోజూ సముద్రం చూసే పిల్లలు కదా, ‘మన బీచ్‌ నించేనా’ అని అడిగేవారు. ఆ ఆలోచనలో ఒక అర నిమిషం గడిచిపోయేది.

పై పళ్ళ కొలతప్పుడు వాంతి వచ్చేటట్టు ఉంటుంది. తల వెనక్కి వాల్చిన కొద్దీ ఎక్కువవుతుంది. ముందుకి వంచి, ముక్కుతో ఊపిరి తీసుకోమని, కుడికాలు కొంచెం పైకెత్తి బొటనవేలు చూస్తూ ఉండమని చెప్పేదాన్ని. కాలు ఎత్తిపట్టుకోవడం మీద మనసు పడితే గొంతు సంగతి మరిచిపోతారు. పెద్దవాళ్ళకీ అదే చెప్పేదాన్ని. ఓసారి షిప్‌యార్డులో పనిచేసే ఒకాయన, మంచి దేహం, సీరియస్‌గా కాలెత్తి కూర్చుని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా కదలకుండా మూడు నిమిషాలు ఓర్చుకున్నారు. ట్రే తీశాక ఆయన నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పారు. అచ్చు రాగానే తడిగుడ్డ చుట్టి వెనకగదిలోకి తీసుకెళ్ళి వెంటనే స్టోన్ (గట్టిపడే ప్లాస్టర్ లాంటి ముద్ద) పోసేయాలి. ఆలస్యమైతే తేమ పోయి అచ్చు కుంచించుకుపోతుంది. దాని మీద చేసిన కొలత దేనికీ పనికిరాదు. పోసి, ఆరాక అంచులు చెక్కి, వెనక పెన్సిల్‌తో పేరూ తారీకూ రాసి బీరువాలో పెట్టేదాన్ని. ఆ వెనకగది నాకు చాలా ఇష్టం.

ఎక్స్‌రేలకి కేజీహెచ్ ఆసుపత్రి డౌన్‌లో ఒక సెంటర్‌కి పంపేవాళ్ళం. పక్క నించి తీసిన తల ఎక్స్‌రేని, వెనక ట్యూబ్‌లైటు ఉన్న పాలగాజు పెట్టె మీద పెట్టి, పైన పలచటి షీటు అంటించి మేడమ్ పెన్సిల్‌తో గీసేవారు. 82, 80, 2 అని మూడు అంకెలు ఆవిడ నోట ఎప్పుడూ వినబడేవి. పై దవడ, కింది దవడ తలతో చేసే కోణాలు, ఆ రెండిటికీ తేడా. స్టైనర్ అనే అమెరికా ఆయన 1953లో ఇచ్చిన లెక్క అది. ‘ఇది వాళ్ళ ముఖాలకి కట్టిన లెక్కమ్మా. మన ముఖాలకి మన అందం ఉంటుంది. అంకె కోసం ముఖాన్ని మార్చకూడదు’ అనేవారు మేడమ్. ఎంతోమంది తల్లిదండ్రులకి ఆవిడ ఈ మాట చెప్పి వైద్యం అక్కర్లేదని పంపేయడం నేను చూశాను. ఆవిడ మీద ఆ గౌరవం నాకు ఇప్పటికీ ఉంది.

నేను చేరిన కొత్తలో బెగ్ పద్ధతి ఇంకా నడుస్తోంది. ఆస్ట్రేలియా డాక్టరు ఒకాయన తెచ్చిన పద్ధతి, గుండ్రటి గట్టి వైరు, సన్నటి ఇత్తడి పిన్నులు. ప్రతి పన్ను దగ్గరా పిన్ను దూర్చి దాని తోక వంచాలి. మేడమ్ వేళ్ళు ఆ పనిలో ఎంత చురుగ్గా ఉండేవో! తర్వాత స్ట్రెయిట్ వైర్ బ్రాకెట్లు (పంటికి అంటించి వైరు పట్టించే చిన్న ముక్కలు) వచ్చాయి. వాటితోపాటు నికెల్, టైటానియం కలిసిన వైరు. ఎంత వంకర పన్నుకి కట్టినా అది తన ఆకారానికి తిరిగి రావాలని చూస్తుంది, ఆ రావడంలో పన్నునీ లాక్కొస్తుంది. ఆ లోహం గుణం బయటపడింది అమెరికా నౌకాదళం వాళ్ళ ప్రయోగశాలలో. మా దగ్గరికి నేవీ కుటుంబాల పిల్లలు చాలామంది వచ్చేవారు కాబట్టి ఈ సంగతి వాళ్ళకి తప్పకుండా చెప్పేవాళ్ళం. ఒక బాబు నోట్లో వైరు వేయించుకుంటూనే ఛాతీ విరుచుకున్నాడు.

క్లిప్పులు వేసేరోజు గంటా గంటన్నర పట్టేది. అంతకు వారం ముందు దవడపళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు పెట్టి పంపేవాళ్ళం, వాటికి తొడిగే లోహపు బ్యాండ్లకి చోటు కోసం. సందులో ఏదో ఇరుక్కున్నట్టు ఉంటుంది, పుల్ల పెట్టి తీయొద్దని మరీ మరీ చెప్పాలి. ఇక ఆ రోజు పంటి మీద నీలంరంగు యాసిడ్ జెల్ అర నిమిషం ఉంచి కడిగి ఆరబెడితే పన్ను సుద్దముక్క రంగులోకి మారుతుంది. అప్పట్నించి బ్రాకెట్ అంటించేదాకా ఉమ్మి చుక్క తగలకూడదు. మన ఊరి గాలిలో ఉండే తేమ సంగతి తెలుసుగా. ఏసీ వేసి, తలుపు మూసి, పిల్లతో ‘ఇంకొంచెమమ్మలూ, అయిపోయింది’ అంటూ నేను ఉమ్మి లాగే గొట్టం పట్టుకునేదాన్ని. ఆ గంటలో కరెంటు పోతే మా గుండెలు జారిపోయేవి. ఇన్వర్టర్ వచ్చాక ఆ టెన్షన్ పోయింది.

బాగున్న పళ్ళు పీకించాలంటే ఒప్పుకోవడం తల్లులకి చాలా కష్టంగా ఉండేది. ‘పుచ్చు లేదు, నొప్పి లేదు, పీకీడమేటమ్మా?’ అని నన్ను పక్కకి పిలిచి అడిగేవారు. మేడమ్ అచ్చులు చేతికిచ్చి చూపించేవారు. ఇంత దవడ, ఇన్ని పళ్ళు, చోటు లేకే ముందుకొచ్చాయి. కోరపన్ను వెనకది తీస్తే ఏడు మిల్లీమీటర్ల దాకా చోటు దొరుకుతుంది, నెలకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మూసుకుంటుంది. నా స్కూలు స్కేలు ఒకటి టేబుల్ మీద దానికోసమే ఉండేది. తొందరగా లాగొచ్చు కదా అని అడిగితే, పన్ను నొక్కిన వైపు ఎముక కరగాలి, వెనకవైపు కొత్త ఎముక పుట్టాలి, దానికి పట్టే టైము దానికి ఇవ్వాలి అని చెప్పేవారు. స్కేలు మీద వేలుపెట్టి చూసుకున్న తల్లి మళ్ళీ తొందరపెట్టేది కాదు.

క్లిప్పులున్నన్నాళ్ళూ తినకూడనివి చెప్పే బాధ్యత నాది. అచ్చేసిన కాగితం ఒకటి ఉండేది కానీ దానిలో చిప్స్, చాక్లెట్లు, పాప్‌కార్న్ అని ఉండేవి. మన ఇళ్ళలో క్లిప్పుని ఊడగొట్టేవి వేరు. జంతికలు, చేగోడీలు, వేరుశనగ అచ్చు, తేగలు, జామకాయ, ఆవకాయలో టెంక. అవన్నీ నేను చేత్తో రాసి జిరాక్స్ తీయించాను. జామకాయ తినొద్దని కాదు, ముక్కలు కోసి తినమని. సంక్రాంతికి ముందు ప్రతి ఇంటికీ ఫోన్ చేసి గుర్తు చేసేదాన్ని. అయినా పండక్కి శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ళకి వెళ్ళిన పిల్లల ముందు చెరుకుగడ పెడితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. కనుమ నాడు మాంసం ఎముక సరేసరి. సెలవులయ్యాక ఆ వారమంతా మెట్ల మీద కూడా జనం కూర్చునేవారు. ఊడిన బ్రాకెట్‌ని కొందరు నోటుపుస్తకం కాగితంలో మడిచి తెచ్చేవారు. ఒక నాయనమ్మ గారు మనవడి బ్రాకెట్‌ని కుంకుమ భరిణెలో పెట్టి తీసుకొచ్చారు. ‘ఖరీదైంది కదమ్మా, పోతే ఎలాగ’ అంటూ నా చేతిలో జాగ్రత్తగా పోశారు. మేడమ్ లేచి ఆవిడకి దణ్ణం పెట్టారు.

రంగు రబ్బర్లు వచ్చాక పిల్లలకి క్లినిక్‌కి రావడం సరదా అయిపోయింది. బ్రాకెట్ మీద వైరుని పట్టి ఉంచే చిన్న రింగులు అవి, నెలనెలా మార్చాలి. ఏ రంగో వాళ్ళే ఎంచుకోవచ్చు. 2005 ఏప్రిల్ 5న మన మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు గుర్తుందా? ఆ నెల మగపిల్లలందరికీ నీలమే కావాలి. నీలం డబ్బా అయిపోయి మద్రాసు నించి తెప్పించాం. కాలేజీ పిల్లలు కనబడకుండా ఉండాలని తెల్లవి అడిగేవారు. పప్పుచారు, పులుసు, ఆవకాయ తినే ఇంట్లో తెల్ల రింగు రెండోనాటికి పసుపు పట్టేస్తుందని ముందే చెప్పేదాన్ని. బూడిదరంగు వేయించుకోమని నా సలహా. అది మన భోజనానికి సరిపోయే రంగు.

నేవీ వాళ్ళ కేసులు మాకు ఇంకో రకంగా కష్టం. సగం వైద్యంలో ఉండగా బదిలీ వచ్చేస్తుంది. కొచ్చికో ముంబైకో వెళ్ళిపోవాలి. అక్కడి డాక్టరుకి మేడమ్ చేత్తో ఉత్తరం రాసేవారు. ఏ వైరు దాకా వచ్చాం, ఎంత చోటు మిగిలింది, ఈ బాబు రబ్బరు బ్యాండ్లు శ్రద్ధగా పెట్టుకుంటాడు, ఈ పాపకి సూది అంటే భయం, ముందు మాట్లాడి మొదలుపెట్టండి. ఆ చివరి రెండు ముక్కలు రాయాలని ఏ పుస్తకమూ చెప్పదు. అచ్చుల్ని పాత బనియన్ గుడ్డల్లో చుట్టి, అట్టపెట్టెలో కాగితాలు కుక్కి, పైన ‘పగిలేది’ అని రాసి నేను ఇచ్చేదాన్ని. వెళ్ళిన చోటు నించి పిల్లలు రాసే న్యూ ఇయర్ కార్డులు కౌంటర్ గాజు కింద పెట్టుకునేవాళ్ళం.

నేను అన్నిటికంటే జాగ్రత్తగా గమనించింది చేతుల్ని. ఎత్తుపళ్ళున్న పిల్లలు నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఓణీ కొంగో, చున్నీయో, పుస్తకమో అడ్డం పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. చిన్నప్పట్నించి ఎవరో ఏదో అనుంటారు కదా. వైద్యం మొదలై ఆరేడు నెలలయ్యాక ఒకరోజు వెయిటింగ్ హాల్లో పక్కవాళ్ళు ఏదో అంటే ఆ పిల్ల నవ్వుతుంది, చెయ్యి ఒళ్ళోనే ఉంటుంది. తల్లికి తెలీదు, ఆ పిల్లకీ తెలీదు. నేను లోపలికెళ్ళి మేడమ్‌తో ‘ఫలానా అమ్మాయి చెయ్యి దిగింది’ అని చెప్పేదాన్ని. ఆవిడ కార్డు మీద చిన్న టిక్కు పెట్టేవారు. ఆ టిక్కు దేనికో ఇద్దరికే తెలుసు.

గాజువాక నించి వచ్చే ఒకమ్మాయికి ఇరవై మూడేళ్ళు. తల్లి వచ్చీరాగానే ‘సంబంధాలు చూస్తన్నామండి, ఆరు నెలల్లో అయిపోవాలి’ అన్నారు. మేడమ్ స్కేలు తీసి చూపించి ఆరు నెలల్లో కాదని చెప్పారు. ఆ అమ్మాయి అసలు మాట్లాడేది కాదు. అడిగితే తలూపేది. నాలుగో నెలలో సంబంధం కుదిరింది. పెళ్ళికి ముందు పళ్ళ క్లిప్పులు తాత్కాలికంగా తీసేసి, తర్వాత మళ్ళీ వేస్తానని మేడమ్ అన్నారు. తల్లి సరేనన్నారు. అప్పుడు ఆ అమ్మాయి నోరు విప్పింది. ‘వద్దండి. చూపులప్పుడు ఆయన ఇవి చూశారు. ఇవి ఉండగానే నచ్చానన్నారు’ అంది. సింహాచలంలో పెళ్ళయింది. ఫోటో తెచ్చి ఇచ్చింది, అక్షింతల మధ్య నోరారా నవ్వుతోంది, క్లిప్పులు ఫ్లాష్‌కి మెరుస్తున్నాయి. ఆ కార్డు మీద టిక్కు నేనే పెట్టాను, మేడమ్ పెన్ను ఇచ్చారు.

డబ్బు మాట కూడా చెప్పాలి. ఇది ఖరీదైన వైద్యమే, మేం వాయిదాల కార్డు పెట్టేవాళ్ళం. ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే ఒకావిడ కూతుర్ని తెచ్చేవారు. వేసవిలో వేట నిషేధం పెట్టినప్పుడు ఆ ఇంట్లో రాబడి ఉండదు. ‘ఈ రెండు నెల్లూ రాలేనమ్మా’ అని ఫోన్ చేశారు. మేడమ్ ఫోను నా చేతిలోంచి తీసుకుని, ‘డబ్బుకి నిషేధం గానీ పిల్లకి కాదు. తీసుకురా’ అన్నారు. ఆ పాప ఒక్క నెలా తప్పలేదు. తర్వాత వాయిదాలన్నీ పైసలతో సహా కట్టారావిడ.

2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. మూడోరోజుకి గానీ నేను మేడ దాకా వెళ్ళలేకపోయాను. దారంతా పడిన చెట్లే. కిటికీ అద్దాలు లేవు, హాల్లో నీళ్ళు, అచ్చుల బీరువా కింది అర తడిసిపోయింది. తడిసిన స్టోన్ అంచులు చేత్తో ముట్టుకుంటే రాలుతున్నాయి. డాబా మీద దుప్పటి పరిచి ఒక్కొక్కటీ ఆరబెడుతున్నాను. ఇంతలో ఒకబ్బాయి పెదవాల్తేరు నించి నడిచొచ్చాడు. వైరు చివర బుగ్గలో గుచ్చుకుని పుండైపోయింది, ఫోన్లు లేవు, తెరిచి ఉంటుందో లేదో తెలీకుండానే వచ్చేశాడు. అప్పటికే మేడమ్ కూడా వచ్చారు. వైరు కత్తిరించడానికి కరెంటు అక్కర్లేదు. నేను టార్చి పట్టుకున్నాను, ఆవిడ కట్టర్‌తో చివర తీసేసి, మైనం పెట్టి, ఉప్పునీళ్ళు పుక్కిలించమని చెప్పారు. ఆ వారంలో కరెంటు వచ్చేలోపు అలా చాలామందే వచ్చారు. ఇంట్లో తిండికి తడుముకుంటున్న రోజుల్లో కూడా మన దగ్గరికి రావచ్చని వాళ్ళకి అనిపించింది. నాకు అది పెద్ద విషయం.

క్లిప్పులు తీసేరోజు ఇంకేం చెప్పను! ప్లయర్‌తో పట్టుకుని నొక్కితే టక్కుమని ఊడతాయి, మిగిలిన జిగురుని పాలిష్ చేసేస్తారు. అద్దం చూడకముందే ప్రతివాళ్ళూ నాలుకతో పళ్ళు తడుముకుంటారు. ‘జారిపోతోందక్కా!’ అంటారు. తర్వాత మళ్ళీ కొలతలు, రిటైనర్ కోసం. పిల్లలు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ, అది పెట్టుకోకపోతే పళ్ళు పాత చోటికే వెళ్ళాలని చూస్తాయి. టిఫిన్ సెంటర్లో పేపర్లో చుట్టి పక్కన పెట్టి, ప్లేటుతోపాటు పారేసినవాళ్ళు ఎందరో. ఇంట్లో కుక్క నమిలేసినవి కూడా చేసిచ్చాం. ‘ముందు ఏం తింటావ్?’ అని నేను తప్పకుండా అడిగేదాన్ని. బీచ్ రోడ్డులో కాల్చిన మొక్కజొన్న పొత్తు అనే చెప్పేవారు చాలామంది. రెండేళ్ళు దాన్ని చూస్తూ నడిచెళ్ళారు కదా.

ప్రాక్టీసు మానేసేటప్పుడు బీరువాలో ఉన్న అచ్చులు ఎవరివి వాళ్ళకి ఇచ్చేద్దామని మేడమ్ అన్నారు. కార్డుల్లో ఉన్న నంబర్లకి ఫోన్లు చేశాను. ల్యాండ్‌లైన్లు సగం పనిచెయ్యలేదు. వచ్చినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు, పెళ్ళిళ్ళయి పిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. మిగిలినవి పారేయడానికి నాకు చేతులు రాలేదు. మేడమ్‌ని అడిగి, రెండు ఇనప ట్రంకుల్లో సర్ది మా ఇంటికి తెచ్చుకున్నాను. వైద్యానికి ముందుదీ తర్వాతదీ జతగా ఉన్నాయి, తుఫానుకి తడిసినవి కూడా చాలావరకు బాగానే ఆరాయి. పెన్సిల్ రాత చెరగలేదు. 1997 నించి 2016 మధ్య ఆ మేడ మెట్లెక్కినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నాకు మెసేజ్ పెట్టండి. పేరు, ఏ సంవత్సరం అన్నది చెబితే చాలు, వెతికిపెడతాను. విశాఖలో ఉంటే వచ్చి తీసుకెళ్ళండి, బయట ఊళ్ళలో ఉంటే బనియన్ గుడ్డల్లో చుట్టి నేనే పంపిస్తాను.